బద్వేలు జీపు గురించి మామ చెప్పని మాట

మా మేనమామ పోయిన సంగతి నాకు తెల్లవారగానే తెలిసింది. ఓర్వకల్లు దగ్గరి పల్లె నుంచి మా అత్త ఫోన్ చేసింది. "మీ మామ లేయలే అమ్మీ. పిలిచినా లేయలే, పట్టుకొని ఊపినా లేయలే" అంది. నాకు అర్థం కాలేదు. లేవకపోవడమేమిటి? ఊళ్ళో అందరికంటే ముందు లేచి, అందరినీ లేపి, టీ కూడా నిలబడే తాగే మనిషి ఆయన. "సరిగ్గా చూడత్తా!" అని కసిరాను. ఆవిడ ఏడుపు అందుకుంది. అప్పుడు అర్థమైంది.

నిజం చెప్పాలంటే నాకు మొదట ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ముందురోజే గదా ఆయన బద్వేలు దాకా పోయి జీపు చూసొచ్చింది! అది బాగుందో లేదో ఒక్క మాట చెప్పి పోకూడదా? మా అమ్మాయి నా వెనకే నిలబడి నా ముఖం చూస్తోంది. "తాతేనా? ఏమన్నాడు? జీపు తెచ్చుకోమన్నాడా?" అని అడిగింది. 

చనిపోయిన మనిషి మీద కోపమేమిటమ్మా అని మీరు అనుకుంటారు. ఆయన పద్ధతి తెలిస్తే అనుకోరు. మా మామ ఏది చూసినా చూసిన చోట నోరు విప్పడు. తిరిగొచ్చే దారిలోనూ విప్పడు. ఇంటికొచ్చి, అన్నం తిని, ఒక రాత్రి నిద్రపోయి, మరుసటి రోజు పొద్దున చెబుతాడు. చెప్పేది కూడా ఒక్క ముక్కే. "తెచ్చుకుందాం" లేకపోతే "వద్దు". ఈసారి ఆ పొద్దునే రాలేదు.

ఈ అలవాటు ఆయనకు ఎద్దుల సంతలో వచ్చింది. చుట్టుపక్కల ఏ రైతు ఎద్దులు కొనాలన్నా మామను వెంటబెట్టుకొని పోయేవాడు. చిన్నప్పుడు నేనూ వెంటపడేదాన్ని. జనమంతా కొమ్ములు చూసి, మూపురం నిమిరి, పండ్లు పట్టి చూస్తుంటే ఈయన ఎద్దు వెనక్కు పోయి నిలబడేవాడు. దాన్ని అటూ ఇటూ నడిపించమని నడక చూసేవాడు. ఉన్నట్టుండి దాని పక్కన తువ్వాల విదిలించేవాడు, బెదురుతుందేమో చూద్దామని. అమ్మేవాడు ఆశగా "ఎట్లుండాదప్పా?" అంటే "ఉండాది" అనేవాడు. అంతకంటే ఒక్క అక్షరం రాలేది కాదు. కొనవలసిన రైతు దారి పొడవునా బతిమాలేవాడు. "నాకైనా చెప్పప్పా, యాడన్నా పొయ్యి చెప్తానా నేను?" అనేవాడు పాపం. మామ దారి పక్క చేలు చూస్తూ నడిచేవాడు.

ఒకసారి నేను ఊరుకోలేక అడిగాను, ఆయనకెందుకు అంత మిడిసిపాటని. నవ్వి నా నెత్తిన ఒకటి మొట్టాడు. "ఎద్దు ఎదురుగా ఉన్నంతసేపూ దాని అందమే కండ్లల్లో ఉంటాది అమ్మీ. ఇంటికొచ్చి పండుకుంటే దాని వంకలు గుర్తుకొస్తాయి. తొందరపడి ఒగ మాట అంటే రైతు ఏండ్ల తరబడి దాని తోకబట్టుకొని ఏడవాల" అన్నాడు.

అన్ని విషయాల్లోనూ ఇంత నిదానం అనుకునేరు! ఒక్క ఆ మాట చెప్పడంలోనే నిదానం. మిగతాదంతా తొందరే. ఆయన కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. మా ఇంటికొచ్చి కుర్చీ వేస్తే దాని వెనక నిలబడి, దాని వీపు మీద చేతులానించి మాట్లాడేవాడు. పెండ్లికి పోతే తాళి కట్టే సమయానికి కనిపించడు. వెతికితే విడిదింటి వెనక ఎవరిదో బర్రె పొదుగు చూస్తూ దొరికేవాడు. సినిమాకు తీసుకుపోతే విశ్రాంతికి ముందే బయటికొచ్చి, గేటు దగ్గరి మనిషితో వాన సంగతి మాట్లాడేవాడు. "కూచ్చుంటే నా కాళ్ళు నన్ను తిడతాయి" అనేవాడు. మా అత్త "పోయేటప్పుడన్నా పండుకొని పోతాడో, నడుచుకుంటా పోతాడో" అని వేళాకోళం చేసేది. ఆ మాట తలుచుకొని ఇప్పుడు ఆవిడ నోరు కొట్టుకుంటోంది.

నా పెండ్లికొడుకును కూడా ఆయనే చూసొచ్చాడు. కల్లూరులో ఒక నూనె మిల్లులో పని చేసే పిల్లవాడు ఉన్నాడంటే, మా నాయన లేడు కాబట్టి మామ పోయాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. మా అమ్మ గడపలోనే ఎదురుపోయి "ఎట్లున్నాడ్రా పిల్లోడు?" అంది. "ఉన్నాడు" అన్నాడు. ఆ రాత్రి మా అమ్మ ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పొద్దున పండ్లు తోముకుంటూ చెప్పాడు. "ఇస్తాం. మంచోడు. కాకుంటే పిరికోడు." మా ఆయన చెవిన ఆ మాట ఎవరో వేశారు. కోపగించుకున్నాడా అంటే లేదు. ఇన్నేండ్లయినా "నన్ను సరిగ్గా చూసిన మనిషి మీ మామ ఒక్కడే" అంటాడు. మామ మాటంటే ఆయనకు ఎందుకంత గురి అంటే అందుకే.

ఆ గురే ఇప్పుడు మా మెడకు చుట్టుకుంది.

మా అమ్మ వాటా కింద నాకొచ్చిన నేల మామ చేనుకు ఆవల, పెద్ద పెద్ద రాతి గుండ్ల మధ్య ఉంది. ఓర్వకల్లు వైపు గుండ్లు మీరు చూసే ఉంటారు. చూడడానికి జనం వస్తారు, ఫోటోలు తీసుకుంటారు. దున్నేవాడికి మాత్రం అవి శాపం. మా నేలకు దారి లేదు. మామ చేను దాటి, వాన నీళ్ళు పారే వంక దిగి, రాళ్ళెక్కి పోవాలి. ఇన్నేండ్లు అది బీడే. పదో తరగతి చదువుతుండగానే మా అమ్మాయి దాని మీద కన్నేసింది. ఇప్పుడు పద్దెనిమిది నిండి, వ్యవసాయ డిప్లొమా చదువుతోంది. సీతాఫలం, చింత, నేరేడు మొక్కలు పెట్టింది. సెలవు దొరికితే చాలు, కల్లూరులో షేర్ ఆటో ఎక్కి, బస్సు పట్టుకొని, ఆ ఎండలో నడిచి పోతుంది. మామ బోరు నుంచి నీళ్ళు మోయాలి. ఆ వయసులో ఆయన కావడి కట్టుకొని దానితో పాటు మోశాడంటే చూసుకోండి. ట్రాక్టరు వాళ్ళేమో ఇన్ని మొక్కల కోసం ఆ రాళ్ళలో టైర్లు పాడు చేసుకోలేమన్నారు. స్కూటీ తీసుకుపోతే వంకలో పడి మోకాలు చీల్చుకొని వచ్చింది. ఈ ఎండాకాలం సగం మొక్కలు వాడిపోయాయి.

అప్పుడు తాతా మనవరాలూ కూడబలుక్కొని జీపు అన్నారు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపు. వెనక నీళ్ళ డ్రమ్ములు వేసుకుంటే వంక దిగి ఎక్కుతుందని.

మా ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఆడపిల్లకు జీపేంది? కొనేదే అయితే చిన్న కారు కొందాం, కాలేజీకి పోతాది" అన్నాడు. మామ కుర్చీ వెనక నుంచే "కారు ఏం జేసుకుంటాది ఆ గుండ్లల్లో? డిక్కీలో మొక్కలు పెట్టుకుంటాదా?" అన్నాడు. ఆ నేలను సోలారు పలకలకు అడుగుతున్నవాళ్ళు అప్పటికే ఉన్నారు. మా ఆయనకు ఇచ్చేయాలని ఉంది. సెలవు వచ్చినప్పుడల్లా మా అమ్మాయి అలా ఒంటరిగా రాళ్ళల్లోకి పోవడం ఆయనకు భయం. కడకు ఒక మాట మీదికి వచ్చాడు. "మీ తాత చూసి మంచి బండి అంటే కొందాం. తొలకరి లోపల అట్లాంటి బండి దొరక్కపోతే నేల ఇచ్చేద్దాం. పాత బండంటే నాకు నమ్మకం లేదు, మీ తాత మాటంటే నమ్మకముండాది." మా అమ్మాయి సరేనంది. బండి కుదిరితే చేను మిగులుతుంది, కుదరకపోతే పోతుంది. లెక్క అంతే.

మీకింకో సంగతి చెప్పాలి. మా అమ్మాయి డ్రైవింగు నేర్చుకొని లైసెన్సు తెచ్చుకుంది గానీ, మా మామకు బండి నడపడం రాదు. ఎద్దులబండి తప్ప ఏదీ తోలలేదు. అలాంటివాడు జీపు చూడడానికి బయల్దేరాడు, పైగా అదే పద్ధతిలో!

మొదటిది కల్లూరులోనే. మా వీధికి దగ్గర్లో పాత బండ్లు పెట్టి అమ్మే స్థలం ఉంది. పెద్ద పెద్ద టైర్లు, పైన వరసగా లైట్లు, నల్లగా నిగనిగలాడుతూ ఉంది జీపు. మా అమ్మాయి కండ్లు విప్పార్చుకొని చూసింది. మామ వెనక్కు పోయి నిలబడ్డాడు. నడిపించమన్నాడు. తెల్ల పంచెతోనే నేల మీద వెల్లకిలా పడుకొని కింద చూశాడు. లేచి, తలుపు తీసి వాసన చూశాడు. అమ్మేవాడు నా వైపు తిరిగి "ఈయనెవురక్కా?" అని గొంతు తగ్గించి అడిగాడు. మరుసటి రోజు పొద్దున ఫోన్ చేసి "వద్దు" అన్నాడు మామ. ఎందుకంటే "ఊరేగింపులకు తిరిగిన బండి అది. ఎప్పుడూ మెల్లగా పోయి పోయి ఇంజను ఉడికిపోయింటాది. లోపలంతా పూల వాసన" అన్నాడు. మా అమ్మాయి ఒక పూట అలిగింది.

నంద్యాలలో ఇంకొకటి చూశాం. సీట్ల కింద ఒండుమట్టి ఉందట, నీళ్ళల్లో మునిగిన బండని తేల్చాడు. సరే, అదీ నిజమే కావచ్చు. మూడోదాని దగ్గర మాత్రం ఈయన బోల్తా పడ్డాడు. కర్నూలులో ఒక కాంట్రాక్టరు దగ్గర చూశాం. మంచి ఆకుపచ్చ జీపు. మా అమ్మాయి నడిపి చూసి "తాతా, వెన్నలా పోతాంది" అంది. పొద్దున ఈయన "వద్దు, కుడి పక్క కుంటుతాంది" అన్నాడు. అది నిలబడిన నేలే వాలుగా ఉందని మేమిద్దరం మొత్తుకున్నాం. వినలేదు. ఆ జీపును మా పక్క వీధివాళ్ళు కొన్నారు. చక్కగా తిరుగుతోంది. అది ఎదురైనప్పుడల్లా మా అమ్మాయి "తాతా, అద్దో నీ కుంటిది" అనేది. ఈయన ముఖం అటు తిప్పుకొని "నేను చూసిన రోజు కుంటింది" అనేవాడు. ఒప్పుకొని చస్తేనా!

ఎండ ముదిరింది. తొలకరి దగ్గర పడింది. ఆయన కాళ్ళు ఇంక బొత్తిగా నిలవడం మానేశాయి. రోజుకు ఎన్నిసార్లు ఫోన్ చేసేవాడో. బద్వేలులో ఒక జీపు ఉందని ఎవరో చెబితే, మా అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా ఆగుదామన్నాను. "సోమవారం దాకా నేనాగలేనమ్మీ, ఆ మొక్కలు నన్ను చూస్తాండాయి" అని మొదటి బస్సుకే ఒక్కడే పోయాడు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటి బద్వేలు. ఎండలో ఆ బస్సుల్లో కూర్చొని పోయి, కూర్చొని వచ్చాడు. ఎప్పుడూ కూర్చోని మనిషి.

సాయంత్రం ఇంటికి చేరాడని తెలిసి ఫోన్ చేశాను.

"ఎట్లుండాది మామా?"

"ఉండాది."

"ఉండాదంటే?"

"నాలుగు చక్రాలుండాయి. రేపు చెప్తా. పెట్టెయ్, కాళ్ళు గుంజతాండాయి."

ఆయన నాతో అన్న కడపటి మాటలు ఇవే. ఎవరైనా కడపటి మాటలంటే ఏదో గొప్పగా చెబుతారు. నాకు దక్కినవి ఇవి. విసుక్కోవాలో, దాచుకోవాలో తెలియడం లేదు.

మేము పోయేసరికి ఆయన్ను పంచలో పడుకోబెట్టి ఉన్నారు. జనం వచ్చి దండలు వేస్తున్నారు. నేను పాదాల దగ్గర నిలబడ్డాను. ఆ పాదాలు కదలకుండా ఉండడం చూడలేకపోయాను. పెరట్లోకి, మళ్ళీ పంచలోకి, మళ్ళీ వీధిలోకి తిరిగాను. "ఈయమ్మి కూడా వాళ్ళ మామ మాదిరే" అని ఎవరో అన్నారు. మా అమ్మాయి మాత్రం అత్త పక్కనే కూర్చొని అడుగుతోంది. "అవ్వా, రాత్రి తాత ఏమన్నా అన్నాడా? బండి గురించి?" అత్త కండ్లు తుడుచుకుంటూ చెప్పింది. "అన్నం తిన్నాడు. ఇంకొంచెం మజ్జిగ పొయ్యమన్నాడు. బద్వేలు బస్సులో కిటికీ పక్కన చోటిచ్చిన పిల్లోడు మంచోడన్నాడు. పండుకున్నాడు." అది మళ్ళీ అడిగింది. "నిద్రలో ఏమన్నా?" అత్త తల అడ్డంగా ఊపింది. ఇంత దుఃఖంలో ఈ పిల్ల బండి గురించి అడుగుతోందేమిటని చుట్టాలు గొణుక్కున్నారు. గొణుక్కోనీ. ఆ మనిషి చివరి రోజంతా ఆ బండి కోసమే పోయింది. దాని గురించి అడగకపోతే ఇంక దేని గురించి అడగాలి?

కర్మలు ముగిసి దివసాలు అయ్యాక మా ఆయన మెల్లగా మాట ఎత్తాడు. "చూసే మనిషే లేడు. ఇంక బండి మాట వదిలేద్దాం. సోలారోళ్ళకు మాటిచ్చేస్తా." గొంతులో మొండితనం లేదు. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతే. మా అమ్మాయి కంచం ముందు నుంచి లేచిపోయింది. ఇంట్లో బట్టలు కుట్టే నాకు మిషన్ మీద చేయి ఆడలేదు. ఒక జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను, విప్పాను, మళ్ళీ తిరగేసే కుట్టాను. వీధిలో ఏ బండి ఆగినా లేచి పోయి చూస్తున్నాను. అవును, కాదు అని రెండు మాటల్లో ఒకటి ఆయన కడుపులో పెట్టుకొని పోయాడు. ఏదైనా ఫరవాలేదు, అది తెలియకపోవడమే నన్ను నిలవనీయలేదు. కడకు ఒకరోజు మిషన్ మీద గుడ్డ కప్పేసి, మా అమ్మాయితో "లే, బద్వేలు పోదాం" అన్నాను. మా ఆయనకు చెప్పాం. ఆయన కాదనలేదు.

బద్వేలులో జీపు ఉన్నది ఒక ముస్లిం భాయ్ ఇంట్లో. ఆ భాయ్‌కి విత్తనాల అంగడి ఉంది. ఆయన తండ్రి ఆ జీపులో కొండ పక్క ఊళ్ళకు విత్తనాలు వేసుకుపోయేవాడట. పెద్దాయన మంచం పట్టాక అది షెడ్డులోనే ఉండిపోయింది. మా మామ పోయాడని చెప్పగానే భాయ్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "అయ్యో అక్కా! ఆ రోజు మా ఇంట్లో నీళ్ళు తాగి పోయినాడే. ఎంత తిరిగినాడు దీని సుట్టూ! కింద పండుకున్నాడు, పైకెక్కినాడు, మా నాయన మంచం కాడికి పొయ్యి ఆయనతో శానాసేపు మాట్లాడినాడు."

నేను ఒక అడుగు ముందుకేశాను. "ఏమన్నాడు భాయ్, బండి గురించి?"

ఆయన మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "బాగుండాది అన్నాడక్కా. శానా బాగుండాదన్నాడు."

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. మా మామ ఆ మాట అని ఉండడు. అమ్మేవాడి వాకిట్లో నిలబడి బాగుందనడం ఆయన జన్మలో లేదు. ఈ భాయ్ మంచి మనిషే, దుఃఖంలో వచ్చిన ఆడవాళ్ళకు కాస్త ఊరటగా ఉంటుందని అన్నాడు. అంగడి మనిషి కాబట్టి కొంత దానికోసమూ అన్నాడేమో. ఏమైనా, మాకు అక్కర్లేని ఊరట అది. "తాళం ఇస్తావా అన్నా?" అని అడిగింది మా అమ్మాయి.

ఊరి పక్కన సగిలేరు నది ఎండి ఇసుక మేట వేసి ఉంది. మా అమ్మాయి జీపును నేరుగా దాంట్లోకి దించింది. నేను పక్క సీట్లో, భాయ్ వెనక. నడిమికి పోగానే చక్రాలు ఇసుకలో దిగిపోయాయి. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. భాయ్ "పాపా, పాపా, తొక్కొద్దు, ఇంకా దిగతాది!" అని కేకలు. మా అమ్మాయి ముఖాన చెమట. నాలుగు చక్రాలకూ బలం పోయే గేరు వేయబోతే కడ్డీ కదల్లేదు. రెండు చేతులతో గుంజింది. అయినా లేదు. నేను "దిగుదాం రా, ఎవర్నన్నా పిలుద్దాం" అన్నాను. వినిపించుకోలేదు. ఇంజను ఆపి, దిగి, ఇసుకలో పడుకొని కింద చూసింది. నాలుగు టైర్లలోనూ కొంచెం కొంచెం గాలి తీసింది. మళ్ళీ ఎక్కి, బండిని వెనక్కొక ఊపు ఊపి ఆ కడ్డీని గుంజింది. ఈసారి పడింది. జీపు మూలుగుతూ మూలుగుతూ గట్టెక్కింది.

భాయ్ దిగి తలకు చుట్టుకున్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఎట్లక్కా మరి?" అని నన్ను అడిగాడు.  ఫోను తీసి మా ఆయనకు కలిపాను. కలిపేటప్పుడే ఒక దుర్బుద్ధి పుట్టింది. మామ బాగుందన్నాడని భాయే చెప్పాడు గదా, అదే చెప్పేస్తే? మా ఆయన నమ్ముతాడు, చేను మిగులుతుంది. "హలో" అని ఆయన అనగానే నా నోటిదాకా వచ్చింది. "ఇదిగో, మామ..." అన్నాను.

మా అమ్మాయి ఫోను నా చేతిలోనుంచి లాక్కుంది.

"నాయనా, తాత ఏమీ చెప్పలే. చెప్పినాడని ఎవురన్నా నమ్మొద్దు. నేను చెప్తాండా, విను. ఫోర్ వీల్ గేరు పట్టేస్తాంది. వెనకపక్క కింద తుప్పు పట్టింది, దాని మీద రంగేసినారు. ముందర ఎడమ పక్క బ్రేకు లాగుతాంది. ఇంజను మంచిది. ఇసుకలోనుంచి నేనే బయటికి తెచ్చినా. నాకు ఇది కావాల. ఇది నా మాట."

అంతా భాయ్ ఎదుటే. ఆయన ముఖం కాసేపు ఎర్రబడింది. తర్వాత తల గోక్కుంటూ "ఆ రంగు నేనేసింది కాదు, మా తమ్ముడు ఏసినాడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. మా అమ్మాయి ఫోను స్పీకరులో పెట్టింది. మిల్లు చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఫోను రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. మళ్ళీ మాట్లాడితే ఏడ్చేస్తుందని తెలుస్తోంది.

కడకు మా ఆయన అడిగాడు. "అంత దూరం ఎవురు తోలుకొస్తారు దాన్ని?"

"నేనే నాయనా."

"ఒక్కదానివే వద్దు. నేనూ వస్తా."

మీకు ఇది చిన్న మాటలా కనిపించవచ్చు. మా ఆయన తెలిసిన వాళ్ళకు తెలుస్తుంది, ఆయన దానికి ఎంత ధైర్యం కూడదీసుకోవలసి వచ్చిందో.

కాగితాల పని ముగిశాక ముగ్గురం పోయి తెచ్చుకున్నాం. గేరు కడ్డీ, బ్రేకు భాయే బాగు చేయించి పెట్టాడు. మంచంలో ఉన్న పెద్దాయన బండిని ఒకసారి వాకిట్లోకి తెమ్మని, తలుపు మీద చేయి వేసి ఏదో దువా చదివాడు. మా మామ ఆయనతో ఏం మాట్లాడాడని అడిగాను. "వానల గురించి అమ్మా" అన్నాడు. అంతేనా అన్నాను. అంతేనన్నాడు. నాకు మళ్ళీ మామ మీద కోపం రావలసింది. ఎందుకో రాలేదు.

బద్వేలు దాటి మైదుకూరు దారిలో అడవి మొదలైంది. మా అమ్మాయి తోలుతోంది. పక్కన నేను. వెనక సీట్లో మా ఆయన రెండు చేతులతోనూ ముందు సీటు కడ్డీ పట్టుకొని, మలుపు వచ్చినప్పుడల్లా కండ్లు మూసుకుంటున్నాడు. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు. మా అమ్మాయి హారను కొట్టలేదు. బండి ఆపి, ఇంజను కూడా ఆపేసింది. గొర్రెలు రెండు పక్కలా బండిని రాసుకుంటూ పోతున్నాయి. వాటి వెనక గొంగడి భుజాన వేసుకున్న ముసలాయన వచ్చాడు. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళను చూసి, వెనకనున్న మా ఆయన దగ్గరికి పోయాడు. "ఎవురిదప్పా బండి?" అన్నాడు.

మా ఆయన కడ్డీ వదల్లేదు. గడ్డంతో ముందుకు చూపించాడు. "మా పాపనే అడుగప్పా."

ముసలాయన ముందుకొచ్చి కిటికీలోనుంచి తొంగిచూశాడు.

"నాదే తాతా" అంది మా అమ్మాయి.

మామ పోయినప్పటి నుంచి అది తాతా అని ఎవరినీ పిలవలేదు. అన్న తర్వాత గానీ దానికీ తెలియలేదు. స్టీరింగ్ మీద తల వాల్చేసింది. మామ పోయిన రోజు నాకు రాని ఏడుపు అప్పుడు, ఆ రోడ్డు మీద, గొర్రెల మధ్య వచ్చింది. వెనక నుంచి మా ఆయన ఒక చేయి కడ్డీ మీద నుంచి తీసి దాని భుజం మీద వేశాడు. ముసలాయనకు ఏమీ అర్థం కాలేదు. "మంచిదమ్మా, మెల్లగా పోండి" అని గొర్రెల వెంట పోయాడు. ఆఖరి గొర్రె దాటిపోయాక కూడా మేము కదల్లేదు. లేచిన దుమ్ము నెమ్మదిగా బానెట్ మీద దిగుతోంది.